నివాళి అట, రాసినాయన పేరే లేదు

నిన్న ఆకివీడు రైల్వే గేటు దగ్గర చేపల లారీల వెనక మా కారు ఆగినప్పుడు, మా అమ్మాయి ఎవరో కుర్ర గాయకుడి కొత్త ఆల్బమ్ పెట్టింది. పాత సినీకవులకు నివాళి అట. మొదటి పాటలోనే రెండో చరణం ఎగరగొట్టేశాడు. ఫోన్ తీసుకుని వీడియో కింద వివరాలు చూశాను. మేకప్ చేసినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి కానీ, రాసిన కవుల పేర్లు ఒక్కటీ లేవు. ఒళ్ళు మండిపోయింది.

మీకూ గుర్తుండే ఉంటుంది, రేడియోలో పాటకు ముందు రచయిత పేరు చెప్పేవారు. తాడేపల్లిగూడెంలో మా నాన్నకు టైలరింగ్ షాపు ఉండేది. మిషన్ నూనె, కొత్తగుడ్డ వాసనల మధ్య ఆ పేరు కోసం ఆయన మిషన్ తొక్కడం ఆపేసేవారు. ఒకరోజు సరిగ్గా అప్పుడే ఒకాయన వచ్చి, "ఏవండీ, నా చొక్కా అయ్యిందా?" అని అడిగారు.

"ఒక్క నిమిషం ఆగండి. పాడినవాళ్ళకి చప్పట్లుంటాయండీ. రాసినాయనకి ఈ పేరొక్కటే. అదన్నా విననివ్వండి," అన్నారు నాన్న. ఆయన గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు.

ఇంటికి రాగానే ఏ పాట ఎవరు రాశారో ఆల్బమ్ కింద కామెంట్ పెట్టాను. పొద్దున్న చూస్తే తీసేశారు.

"పోనీలే అమ్మా, వదిలెయ్," అంది మా అమ్మాయి.

మళ్ళీ పెట్టాను. మీకు తెలిసిన పేర్లు మీరూ పెట్టండి. ఎందరివని తీసేస్తారో చూద్దాం.