రైలింజన్ లోపల లక్క బిళ్ల

చావి ఇస్తే ఉరికే రేకు రైలింజను యాదికుందా దోస్తులారా? ఇయ్యాల రైల్ రోకో నుంచి చందానగర్ ఇంటికొచ్చి, ఒక్కన్నే కూసొని, తుప్పు తుడుద్దామని నాది విప్పిన. ఇరుసుకు ఎర్రటి బిళ్ల! ఇంజనుది కాదు, మరేంది? గోకితే లక్క కింద కట్టె కనబడ్డది.

అప్పుడు యాదికొచ్చింది: అది చిన్నప్పుడు మా పక్కింట్ల ఉన్న ఆంధ్రా పిల్లగాడు శీనుగాడి ఏటికొప్పాక లక్క బొంగరం ముక్క. నా ఇంజను చక్రం జారుతుందని వాడే కోసి బిగించిండు.

"నీ బొంగరం ఖరాబైంది గదరా!"

"పోనీలేరా, నీ రైలు నడుస్తుందిగా!"

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో భయపడి శీనుగాడి ఇంటోళ్లు విశాఖ వెళ్లిపోయిన్రు.

తెలంగాణ కోసం రేపూ కొట్లాడుత. కానీ, 'ఆంధ్రోళ్లంతా దొంగలే' అని ఇక్కడ రాసే తమ్ముళ్లూ, ఈ పిల్లగాడు ఏం దోచుకున్నడో జర చెప్పుండ్రి.

బిళ్ల మళ్లీ బిగించి చావి ఇచ్చిన. ఇంజను గోడదాకా ఉరికి ఆగింది. శీనుగాడి లెక్క అవతల కూసొని తిప్పి పంపేటోడు లేడు.