ముందు భాగానికి దన్ను

మా ఆవిడ పోయాక పరామర్శకి వచ్చినవాళ్ళందరూ, ఎవరో నేర్పి పంపినట్టు, ఒకటే మాట అన్నారు: "ఇక అమ్మాయే మీకు దన్నండి." సరేనన్నాను. కాఫీ ఇమ్మన్నాను. పెద్దకర్మ అయిపోయే దాకా కంట్లో ఒక్క చుక్క రాలేదు. చెరువు మీదకి వెళ్ళి రొయ్యలకి మేత వేయించడం, ఇంటికొచ్చి అన్నం తినడం, పడుకోవడం, అంతా మామూలే. మొద్దుబారడానికి ఇంజక్షన్ ఇచ్చి పన్ను పీకుతుంటే ఎలా ఉంటుంది? ఏదో జరుగుతోందని తెలుస్తుంది, అంతే. నాకూ అంతే.

ఎటొచ్చీ కార్లో మాత్రం అలా ఉండేది కాదు. మాది పాత అంబాసిడర్, పెళ్ళయిన కొత్తల్లో కొన్నది. ముందు ఎడమ పక్క సీటు ఆవిడది. నేను మేత బస్తాలు కార్లోనే చెరువుకి వేసుకెళ్ళేవాణ్ణి. డిక్కీలో పెట్టినా, వెనక సీట్లో పడేసినా ఊరుకునేది గానీ ముందు మాత్రం పెట్టనిచ్చేది కాదు. "ఆ చేపకంపు నా సీటుకి అంటిందంటే నేను బస్సులో పోతాను. మీ రొయ్యల్ని పక్కన కూచోబెట్టుకుని మీరు ఊరేగండి" అనేది. ఆవిడ పోయాక కూడా అక్కడ నేనేమీ పెట్టలేదు. నరసాపురం రోడ్డెక్కితే ఆ సీటుతో మాట్లాడతాను. రొయ్య ధర ఎంత పలికిందో, అమ్మాయి ఏం అందో చెప్తాను. పిచ్చి అనుకుంటారా, అనుకోండి.

ఆ కారుకి ముందు భాగం వదులైపోయింది. ఇన్నేళ్ళ ఉప్పుగాలి, గోతుల రోడ్లు మరి. మలుపు తిప్పితే చాలు, ముందు సగం ఒకవైపు, వెనక సగం ఒకవైపు అన్నట్టు బండి మెలితిరిగి, ఎడమ తలుపు టప్పున తెరుచుకునేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ, మలుపొస్తోందంటే మాట ఆపకుండానే చెయ్యి చాపి లోపలి హ్యాండిల్ పట్టుకునేది. ఇప్పుడు పట్టుకునేవాళ్ళు లేరు. ఓ రోజు అమ్మాయి చూస్తుండగానే, మా సందు మలుపులో తలుపు బార్లా తెరుచుకుంది. "నాన్నా, బాగుచేయిస్తే సరే. లేదంటే తుక్కుకి ఇచ్చేద్దాం. ఎప్పుడు ఏమవుతుందోనని నేను చస్తూ కూచోలేను" అంది. అన్నంత పనీ చేస్తుంది అది. వాళ్ళమ్మ కూతురు.

మా ఊళ్ళో వెల్డింగ్ షాపువాడు కారుని జాకీల మీద ఎత్తి, ముందు ఇనప పట్టీలు అతికించాడు. కిందకి దింపితే తలుపు అసలు పడనే లేదు. గాల్లో వేలాడుతున్నప్పుడు ఉన్న వంకరే ఖాయమైపోయింది. వాణ్ణి తిట్టాల్సినంత తిట్టి, తలుపుకి తాడు కట్టుకుని కొవ్వూరు బయల్దేరాను. గోదావరి గట్టు కింద, పాత కార్లే పట్టే మెకానిక్ ఒకాయన ఉన్నాడని విన్నాను. ఆయన కూడా లాభం లేదన్నాడా, ఇక తుక్కే.

ఆయన కారు కిందకి దూరి, సుత్తితో అక్కడా ఇక్కడా కొట్టి చూసి, బయటికొచ్చాడు. "తుప్పు పైపైనే ఉందండి. ముందు భాగానికి దన్ను కట్టాలి, అంతే."

ఇక్కడా అదే మాట. నాకు ఒళ్ళు మండింది. "ఆ మాట వదిలేసి ఇంకోటి చెప్పవయ్యా!"

పాపం, బిత్తరపోయాడు. నోటితో చెప్పడం మానేసి రాడ్లు పట్టుకొచ్చి చూపించాడు. ఇంజనుకి అటొకటీ ఇటొకటీ, అడ్డంగా ఇంకొకటీ. పాత పట్టీలు కోసి పారేసి, వాటిని బోల్టులకి తగిలించాడు. ఇక బిగించడమే తరువాయి.

"దీన్ని ఎత్తి బిగించకూడదండి. చక్రాల మీదే నిలబెట్టి, రోజూ మోసే బరువు మోస్తుండగా బిగించాలి. మీరు ఎక్కి కూచోండి. పక్కన ఎవరు కూచుంటారండి?"

"మా ఆవిడ."

"అమ్మగారు ఎంత బరువుంటారండి?"

ఏ అమ్మగారు? ఆస్పత్రికి వెళ్ళకముందు మనిషా, తిరిగొచ్చిన మనిషా? చివర్లో నేనే చేతుల మీద ఎత్తుకుని బాత్రూముకి తీసుకెళ్ళేవాణ్ణి, నాకు ఆయాసం కూడా వచ్చేది కాదు. "ఇంచుమించు నా అంత" అన్నాను. పాత మనిషి తూకమే చెప్పాను. పోయిందని చెప్పలేదు.

ఆయన డిక్కీలోంచి మేత బస్తా తీసి, భుజాన వేసుకుని ఎడమ తలుపు దగ్గరికి వచ్చాడు.

"అక్కడ కాదు!" అని అరిచాను. గట్టు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. "బస్తాలు నా సీట్లో పెట్టు. ఇక్కడ నేను కూచుంటాను."

ఆయన ఎగాదిగా చూసి, సరేనని ఒకదాని మీద ఒకటి పేర్చి, పడిపోకుండా స్టీరింగుకి ఆనించాడు. నేను వెళ్ళి ఆవిడ సీట్లో కూచున్నాను. ఆ పక్క నేనెప్పుడూ కూచోలేదు. ఆవిడ కూచునే చోట స్ప్రింగులు దిగబడి ఉన్నాయి. తల తిప్పి చూస్తే, స్టీరింగు ముందు చేపకంపు కొడుతూ, ఉలుకూ పలుకూ లేకుండా బస్తాలు. ఓసి నీ ఇల్లు బంగారం గానూ, ఇన్నేళ్ళూ నీకు కనపడిన మొగుడు ఇదేనటే అనుకున్నాను. నవ్వొచ్చింది. ఆవిడ పోయాక నాకు నవ్వు రావడం అదే మొదలు.

బానెట్ కింద చాలాసేపు స్పానరు చప్పుడైంది. తర్వాత "తలుపు వెయ్యండి" అన్నాడు. లాగాను. ఒక్క లాగుకి టక్కుమని పడింది. ఆయన కారుని అటూ ఇటూ పట్టుకుని ఊపాడు. తలుపు కదల్లేదు. కిటికీలోంచి లోపలికి తొంగిచూసి నవ్వాడు.

"ఇంక పట్టుకోనక్కర్లేదండి. వదిలేయండి."

అప్పుడు చూసుకున్నాను. నా చెయ్యి హ్యాండిల్ని బిగించి పట్టుకుని ఉంది.

"ఏంటయ్యా వదిలేది? నీ పని నువ్వు చూసుకో!" అన్నాను. అనడం వరకే. ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గూ శరం లేకుండా, ఆ బస్తాల పక్కన కూచుని భోరుమన్నాను.

ఆయన స్పానరు తీసుకుని మళ్ళీ బానెట్ కిందకి వంగాడు. అక్కడ బిగించడానికి ఇంకేమీ మిగల్లేదు.