చాచాతో తిండి నడక

గురువారం పొద్దున షిఫ్ట్ దిగి, గేటు దగ్గర కార్డు గీకబోతుంటే ఫోన్ మోగింది. చాచా కూతురు. “అన్నా, అబ్బా పోయిండు” అంది, అంతే. నా వెనక నిలబడ్డవాడు “జల్దీ గీకు భాయ్, బస్సు పోతది” అని తోశాడు. నేను కార్డు గీకాను. మనిషి పోయాడని విని కూడా ముందు కార్డు గీకాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

చాచా నాకు చుట్టం కాదు. ఇస్నాపూర్‌లో మేముండే కిరాయి గదుల వరసలో చివరి గది ఆయనది, దాని పక్కది నాది. మా కంపెనీలోనే ముందు రసాయనాల ఘాటు ఆవిర్లు లేచే సాల్వెంట్ షెడ్డులో, తర్వాత కాంటీన్‌లో పనిచేశాడు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. తర్వాత చదివిందంతా టీ కొట్టు పేపర్లలో, పాత పుస్తకాల బండి మీద. కానీ చాచా పోయేనాటికి ఆయన నడిపించాల్సిన ఆదివారం నడక ఒకటి మిగిలి ఉంది. ఆ నడకకు రావాల్సిన ముగ్గురు కొత్తవాళ్ళలో ఒకడు, సాల్వెంట్ షెడ్డులో నేను ఖాళీ చేసిన చోట నిలబడి పనిచేస్తున్న ఒడిశా మనిషి. ఆ షెడ్డు నుంచి నన్ను బయటికి లాగింది చాచా. అతణ్ణి లాగడానికి ఎవరున్నారు? ఆ మూడు రోజులూ నాకు తిండి సహించలేదంటే ఆ ఒక్క ప్రశ్న వల్లే.

నడక సంగతి చెప్పాలి. కొత్తగా చేరినవాడికి కంపెనీ ఒక గంట సేఫ్టీ క్లాసు చెప్పి సంతకం తీసుకుంటుంది. చాచా క్లాసు వేరు. వచ్చిన మొదటి ఆదివారం వాళ్ళను వెంటేసుకుని పటాన్‌చెరు బస్టాండు నుంచి మొదలుపెట్టేవాడు. ఇరానీ చాయ్, సమోసాలాంటి ఖీమా లుఖ్మీ, బిహారీ లిట్టీ బండి, జొన్నరొట్టెలు చేసే అక్క, మిర్చి బజ్జీలు, చివర్లో చెరుకు రసం. ప్రతిచోటా కొంచెమే తినాలి. తినే ముందు కళ్ళు మూసుకోవాలి. “ఏమొస్తుంది వాసన? చెప్పినంకనే నోట్లె పెట్టు” అనేవాడు. చెప్పేదాకా ప్లేటు చేతికిచ్చేవాడు కాదు.

ఈ పద్ధతి ఎక్కడిదంటే, గ్రీసు దేశానిది. నవ్వకండి. చాచా వయసులో ఉన్నప్పుడు సరుకు ఓడల మీద వంటగదిలో హెల్పరు. ఒకసారి ఓడ థెస్సలొనీకి అనే రేవు పట్నంలో లోడు కోసం రెండు వారాలు ఆగిపోయింది. ఆ పేరు మా వరసలో చాచాకు తప్ప ఎవరికీ నోరు తిరగదు. ఒకరోజు ఊళ్ళోకి దిగితే, ఒక నడివయసు ఆవిడ పసుప్పచ్చ గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడుస్తోందట. వెనక పది మంది. ప్రతి కొట్టు ముందూ ఆగడం, కొట్టువాడు వచ్చి ఏదో ఒకటి చేతుల్లో పెట్టడం, తినడం, మళ్ళీ నడవడం.

“నేనేమనుకున్న బేటా? ఏ పెద్దమనిషో నియాజ్ పంచుతుండనుకున్న. బిస్మిల్లా అని ఎన్క జేరి చెయ్యి సాపిన.”

రేవు దగ్గర నువ్వులద్దిన, చేతిగాజులా గుండ్రటి రొట్టె తిన్నాడు. మలుపులో పొరలు పొరలుగా ఉన్న, మీద చక్కెర పొడి చల్లిన తీపిది తిన్నాడు. మూడో కొట్టు దగ్గర ఆవిడ తలలు లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువొచ్చింది. అప్పుడు తెలిసింది చాచాకు, ఇది దానం కాదు, దూరదేశాల నుంచి వచ్చినవాళ్ళు ముందే టికెట్టు కొనుక్కుని, ఊరంతా తిరుగుతూ ఊరి తిండి తినే నడక అని. మొహం మాడిపోయి వెనక్కి తిరిగాడు. ఆవిడ ఆపి, ఎవరు నువ్వని అడిగింది. ఓడలో వంట హెల్పర్‌నని వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ నవ్వి, కళ్ళు మూసుకోమని ముక్కు కింద ఏదో ఆకు పెట్టింది. మా వాము లాంటిది, వాము కాదు అన్నాడు. మలుపులో తిన్న తీపిదాంట్లో దాల్చిన చెక్క ఉందన్నాడు. ఆలివ్ కాయల పీపాలు మూడు వరసగా వాసన చూపిస్తే, నడిమిదాంట్లో ఉప్పునీళ్ళు పాతబడ్డాయని చెప్పాడు. కొట్టువాడు మూత తీసి చూసుకుని తిట్టుకున్నాడట. ఇక ఆవిడ పోనివ్వలేదు. కాల్చిన చిన్న చేపలూ, రాగి గిన్నెలో మరిగించిన చిక్కటి కాఫీ దాకా వెంట తిప్పుకుంది. ఓడ కదిలేలోగా ఇంకో నాలుగు నడకలకు పిలిచింది. దేంట్లో పంది మాంసం ఉందో ముందే చెవిలో చెప్పేదట.

“ఒక్క ఎనిమిది కాళ్ళది మాత్రం నాతోని గాలే. తీగె మీద బట్టలారేసినట్టు ఆరేసిండ్రు దాన్ని. అల్లా మాఫ్ జెయ్యాలె, వాసన మాత్రం మంచిగుండె.”

ఈ కథ చాచా ఎన్నిసార్లు చెప్పినా కొట్ల వరస తప్పేవాడు కాదు. వాసనలు ముందు, రుచులు తర్వాత. కొత్తలో నాకు విసుగొచ్చేది. మా పల్లె నుంచి వచ్చిన వారంలోనే నన్నూ నడకకు తీసుకెళ్ళాడు. లుఖ్మీ దగ్గర కళ్ళు మూసుకోమంటే, “ఆకలైతుంటే ఈ తమాషా ఏంది చాచా, తిననియ్యి” అన్నాను.

“తినుడు డ్యూటీ గాదు బేటా. జెర నిలవడి తిను. పంచ్ గొట్టేదేం లేదు ఈడ.”

ఖీమా, ఉల్లిగడ్డ, పుదీనా అని చెప్పాను. ఆయన కూడా కళ్ళు మూసుకుని విన్నాడు. ఎందుకు మూసుకున్నాడో నాకప్పుడు తట్టలేదు.

తట్టిన రోజు గురించి రాయడం కష్టం. షెడ్డులో చేరి ఎనిమిది నెలలైంది నాకు. మధ్యాహ్నం కాంటీన్‌లో పప్పు మాడింది. మాడిందంటే కొంచెం కాదు, గిన్నె అడుగంతా నల్లబడింది. చాచా అదే పప్పు తాపీగా గరిటెతో వడ్డిస్తున్నాడు. వేడికీ, పనికీ, సూపర్‌వైజరు తిట్లకీ నా బుర్ర ముందే కాలి ఉంది. “చాచా, ముక్కు గిట్ల అమ్ముకున్నవా ఏంది? గీ పప్పు కుక్కలు గూడ తినయి” అని అందరి ముందూ అరిచాను. లైనంతా నవ్వింది. చాచా కూడా నవ్వాడు.

తర్వాత నల్లా దగ్గర నేను ప్లేటు కడుగుతుంటే పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“అమ్ముకోలే బేటా. పోయింది. షెడ్డుల ఆరేండ్లు జేసిన గద. పైలే కొత్తిమీర పోయింది, ఎన్క చాయ్ పోయింది. నా బిడ్డ పుట్టినప్పుడు ఎత్తుకుంటే పసిపిల్ల వాసన రాలే. ఆడ సమజైంది నాకు.”

ఎవరికీ చెప్పలేదట. చెబితే కాంటీన్ పని కూడా పోతుంది. రుచి చూడమని పక్కవాళ్ళకిచ్చి, వాళ్ళ మొహాలు చూసి ఉప్పు వేసేవాడట. ఆదివారం నడకలో కొత్తవాళ్ళను కళ్ళు మూసుకోమని అడిగేది ఎందుకో అప్పుడు చెప్పాడు. మొదటి నడకలో మనిషి ముక్కు ఎట్లా ఉందో చూసిపెట్టుకునేవాడు. ఆరు నెలలకోసారి మళ్ళీ ఏదో వంకతో పిలిచి చూసేవాడు. ఈ ఫ్యాక్టరీల బెల్టు మొత్తంలో మా ముక్కులు పరీక్ష చేసిన డాక్టరు ఎవరైనా ఉన్నాడంటే, వాసన తెలియని ఆ వంటాయనే.

అంతటితో ఆగలేదు. నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. ఏదో ఆకు నలిపి ముక్కు కింద పెట్టాడు.

“కొత్తిమీర” అన్నాను.

“కండ్లు తెరువు.”

పుదీనా. మొదటి వారం లుఖ్మీలో నేనే పసిగట్టిన పుదీనా.

చాచా నా చెయ్యి పట్టుకుని, ఏప్రాన్ కూడా విప్పకుండా నేరుగా సూపర్‌వైజరు గదికి నడిచాడు. ఈ పిల్లగాణ్ణి షెడ్డు నుంచి తియ్యండి సార్ అన్నాడు.

“మాస్క్ ఇచ్చినం గద?”

“ఇచ్చిండ్రు సార్. ఆర్నెల్లాయె. గా మాస్కుకే ఇప్పుడు ఇంకో మాస్క్ గావాలె.”

“నువ్వెందుకు వస్తున్నవ్ మధ్యల? పోయి నీ పప్పు సూస్కో.”

“పప్పు సూస్కునుడుకు ముక్కు గావాలె సార్. నాది మీ షెడ్డులనే పోయింది. దొరికితే ఇప్పియ్యండ్రి, పోత.”

ఇంత కాలం దాచుకున్న మాట నా కోసం బయటపెట్టాడు. వారంలో నన్ను ప్యాకింగ్‌కు మార్చారు. చాచాను వంట దగ్గర నుంచి తీసి ప్లేట్లు కడగడానికి వేశారు. నేను మారిన రోజే నా చోటికి ఒడిశా మనిషి వచ్చాడు. నాకంటే పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఎవరేమన్నా తలూపి నవ్వేవాడు. అతన్ని చూసి మొదట నాకు హాయిగా అనిపించింది. దాచి లాభం లేదు, హాయిగానే అనిపించింది. తర్వాత నుంచి షెడ్డు ముందుగా పోకుండా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. గాలి తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ టవర్ల వైపు మళ్ళితే అక్కడివాళ్ళు కిటికీలు మూసుకుని ఫిర్యాదు రాస్తారు. ఆ గాలి పుట్టేచోట నిలబడ్డవాడి పేరు ఏ ఫిర్యాదులోనూ ఉండదు.

అతను చేరిన కొద్ది రోజులకే చాచా ఊపిరితిత్తులు చెడిపోయాయి. నడకలు ఆగిపోయాయి. ఒడిశా మనిషి నడక అట్లా నెలల తరబడి వాయిదా పడుతూ వచ్చింది. చివరి బుధవారం గదికి వెళ్తే మంచం మీద వంగి కూర్చుని ఉన్నాడు. “ముగ్గురున్నరు. ఐతవారం నువ్వు తీస్కపో” అన్నాడు.

“నాకు నీ లెక్క గ్రీసు కథలు చెప్పరాదు చాచా.”

“చెప్పకు. అడుగు. వాసన ఏందని అడుగు, మొఖం సూడు. గంతే.”

తెల్లారే పోయాడు. మధ్యాహ్నం జనాజా ఎత్తారు. నేనూ ఒక వైపు భుజం పట్టాను. కర్పూరమూ, గులాబ్ నీళ్ళూ, అప్పుడే తవ్విన మట్టీ. మూడూ వేరువేరుగా తెలిశాయి నాకు. తెలిసినందుకే ఏడ్చాను.

ఆదివారం నడిపించాను. చాయ్ దగ్గర, లుఖ్మీ దగ్గర మిగతా ఇద్దరూ గడగడా చెప్పేశారు. ఒడిశా మనిషి వాళ్ళు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. బజ్జీల దగ్గరా అంతే. చెరుకు రసం బండి దగ్గర అతణ్ణి ఒక్కణ్ణే ముందు నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. బండివాడు కోసిన నిమ్మచెక్క తీసి అతని ముక్కు కింద పెట్టాను.

“క్యా ఆ రహా హై?”

అతను లోపలికి పీల్చాడు. ఎదుటివాడి మాట కాదనలేనట్టు నవ్వాడు. మళ్ళీ పీల్చాడు. ఆ తర్వాత ఎడమ కన్ను కొంచెం, వెంట్రుకంత తెరిచి కిందికి చూశాడు.

“నీంబూ” అన్నాడు సంతోషంగా.

నేను అతని మణికట్టు పట్టుకుని కంపెనీ రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాను. ఆదివారమైనా సూపర్‌వైజరు ఉంటాడు. షెడ్డు ఏ రోజూ ఆగదు. మిగతా ఇద్దరూ గ్లాసులు అక్కడే పెట్టేసి మా వెనక పరుగెత్తుకొచ్చారు. ట్యాంకర్లు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. అతను నిమ్మచెక్కను నా చేతిలోంచి తీసుకుని, నడుస్తూనే ముక్కుకు ఆనించుకున్నాడు. తీశాడు. చేత్తో పిండి, రసం మోచేతి దాకా కారుతుంటే, మళ్ళీ ఆనించుకున్నాడు.