వసుమతి పిండి అద్దిన రాయి

మా ఆవిడ వసుమతి న్యూజెర్సీ స్కూల్లో నాలుగో తరగతి పిల్లలకి న్యూజెర్సీ చరిత్ర చెప్పేది. కర్నూలులో పుట్టిన మనిషి! పుస్తకంలో ఉన్నది చదివి ఊరుకోవచ్చుగా? ఊరుకోదు. శనివారాలు నన్ను డ్రైవర్ని చేసి పాత మిల్లులూ, సమాధులూ తిప్పేది. సమాధుల దగ్గర్నుంచి వచ్చినప్పుడల్లా గరాజ్‌లోనే ఆపి, ముందు స్నానం చెయ్యమనేవాణ్ణి.

"మీరేమన్నా సినిమాకెళ్ళొచ్చారా?" అనేది.

1984లో పిల్లల్ని పాత చర్చి వెనకున్న శ్మశానానికి తీసుకెళ్తానంది. పర్మిషన్ ఇవ్వాల్సింది ఊరి చరిత్ర సంఘం పెద్ద ఎల్మర్. డెబ్బై అయిదేళ్ళవాడు. ఊళ్ళో తొలి మిల్లు కట్టింది తన ముత్తాతేనని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. సరేనన్నాడు.

ముందు శనివారం చూసొద్దామని ఇద్దరం వెళ్ళాం. మూలనున్న చిన్న రాయి మీద అక్షరాలు బాగా అరిగిపోయాయి. వసుమతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బియ్యప్పిండి పొట్లం తీసి అద్దింది. వాళ్ళ నాన్న అనంతరామయ్య గారు గుళ్ళో శాసనాలు అలాగే చదివేవారట. సరిగ్గా అప్పుడే ఎల్మర్ వచ్చాడు.

"ఏం చేస్తున్నారు? ఆ పిండి రాయిలోకి దిగితే నాచు పడుతుంది! పిల్లలకి నేర్పేది ఇదేనా? ట్రిప్ క్యాన్సిల్!"

నాకు ఒళ్ళు మండింది. వసుమతి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ట్రిప్ కోసం ఏడాదిగా తయారవుతోంది పాపం, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాదే సార్. ఇప్పుడే కడిగేస్తాను. కానీ ముందొకసారి చదవండి. మీ సంఘం వేసిన సమాధుల లిస్ట్‌లో ఈ పేరు లేదు."

ఎల్మర్ విసుగ్గా వంగాడు. తెల్లటి పిండిలో అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: 'డైనా. ఎడ్వర్డ్‌ని పెంచినది.'

వంగినవాడు వంగినట్టే గడ్డిలోనే కూలబడ్డాడు.

"ఎడ్వర్డ్ మా తాత," అన్నాడు. "పోయేముందు ఎవరినో తలుచుకుని ఏడ్చేవాడు. ఎవరని నేనడిగితే మా నాన్న నోరు మూసుకోమనేవాడు."

నేను కార్‌లోంచి నీళ్ళు తెచ్చాను. మెత్తటి గుడ్డతో వాళ్ళిద్దరూ కలిసి రాయి కడిగారు. ఆ ముసలాయన మీద నా కోపమంతా ఎటుపోయిందో తెలియదు.

"సోమవారం పిల్లల్ని తీసుకురండి," అన్నాడు. "ఈ రాయి దగ్గర నేను మాట్లాడతాను."

సోమవారం నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. ఇరవై ఆరుమంది పిల్లలు రాయి చుట్టూ కూర్చున్నారు. ఎల్మర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఈమె పేరు డైనా," అన్నాడు. "మా తాతని కన్నబిడ్డలా పెంచింది. మావాళ్ళు ఈమెని బానిసగా కొనుక్కున్నారు."