మా అక్కను అడిగిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, రోజూ డైరీ రాసుకునే అలవాటు ఉన్నదాన్ని అయినా ఆ డైరీలో కూడా రాయడానికి నా చెయ్యి రాలేదు. మా అమ్మ మా అక్క చావు కోసం ప్రార్థన చేస్తుండగా నేను విన్నాను.

దయచేసి తొందరపడి మా అమ్మకు తీర్పు తీర్చకండి. అప్పుడు మేము రాయచూరు దగ్గర శక్తినగర్‌లో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం, మా నాయిన థర్మల్ కేంద్రంలో బొగ్గు దింపే చోట పని చేసేవాడు, ఆయన పొద్దుటి డ్యూటీకి బస్సు ఎక్కేలోగా అమ్మ జొన్న రొట్టెలు తట్టాలి. అమ్మ ప్రార్థన కూడా అప్పుడే. పీట మీద రొట్టె తట్టే చప్పుడులో తన మాట ఎవరికీ వినబడదని ఆమె ధీమా. ఆ రోజు నేను వంటింటి గోడకు ఆనుకుని, ఎవరి కంటా పడకుండా కథల పుస్తకం చదువుకుంటున్నాను. చప్పుడు ఆగింది. అమ్మ గొంతు వినబడింది.

"యేసయ్యా, నా రూతును నాకంటె ఒక్క దినం ముందుగాల తీస్కపో తండ్రీ. ఒక్క దినం సాలు. దాన్ని మట్టిల పెట్టి మర్నాడు నేనొస్త. నేను పోయినంక దాన్ని ఎవరు సూస్తరు దేవా?"

తర్వాత మళ్ళీ రొట్టె తట్టే చప్పుడు. నేను పుస్తకం మూసి, ఏమీ విననట్టు నీళ్ళ కడవ తీసుకుని బయటికి పోయాను.

రూతు మా అక్క. నాకంటే పెద్దది. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల మెల్లగా ఉందని డాక్టర్లు చెప్పారు, వాడలో వాళ్ళు ఇంకేవో మాటలు అనేవారు, అవి ఇక్కడ రాయను. మాట్లాడితే ఒక మాట, మహా అయితే రెండు. కానీ మా క్వార్టర్ల ముందు నుంచి పోయే కంపెనీ బస్సులన్నీ ఆమెకు తెలుసు, ఏ బస్సులో నాయిన దిగుతాడో వరండాలో నిలబడి ముందే చెయ్యి ఊపేది. తీగ మీద ఆరిన బట్టలను, చిమ్నీ బూడిద రాలిపోయేదాకా దులిపి దులిపి, అంచుకు అంచు కలిపి మడిచేది, అంత చక్కగా మడవడం నాకు ఈనాటికీ చేతకాదు!

అయినా మా ఇంట్లో అక్క అంటే ఒక మనిషి కంటే ముందు ఒక ప్రార్థన అంశం. స్వస్థత కూటం ఎక్కడ పెట్టినా, రాయచూరు మైదానంలో కానీ, మహబూబ్‌నగర్ దాకా కానీ, అమ్మ ఉపవాసం ఉండి అక్కను తీసుకుపోయేది. అక్కడ దైవజనులు తల మీద చెయ్యి పెట్టగానే అక్క పెద్దగా కేక వేసేది, ఆ చెయ్యి గీరేది, కింద పడి దొర్లేది. కేక వేయగానే జనమంతా స్తోత్రం స్తోత్రం అని గొంతు పెంచేవారు, దయ్యం కదులుతోందని చెయ్యి ఇంకా గట్టిగా అదిమేవారు, నూనె పోసేవారు. ఇంటికి వచ్చాక అక్క మంచం కింద దూరి, రెండు చేతులతో తల కప్పుకుని పడుకునేది. అమ్మ ఏడుస్తూ మరో ఉపవాసం మొదలుపెట్టేది. సహోదరులారా, ఆ ప్రార్థనల్లో విశ్వాసం లేదని నేను అనను, అమ్మకు ఉన్న విశ్వాసంలో ఆవగింజంత నాకు ఉంటే చాలు. కానీ అన్ని చేతుల్లో ఒక్క చెయ్యి అయినా ఆగి చూసి ఉంటే ఎంత బాగుండేది అని ఇప్పుడు నా గుండె మండుతుంది!

అమ్మ అడిగిన ఆ ఒక్క దినం దేవుడు ఇవ్వలేదు. కామెర్లు ముదిరి, ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉండి, అమ్మే ముందు వెళ్ళిపోయింది. భూస్థాపన రోజు అక్క కేకలు వేస్తుందేమోనని ఆమెను పక్క క్వార్టర్‌లో కూర్చోబెట్టారు. అది మంచికే అనుకున్నాం. దానివల్ల అక్కకు అమ్మ ఎక్కడికి పోయిందో తెలియలేదు, ప్రతి బస్సులోంచి దిగేవాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడేది, వరండాలో ఎండ పడినా కదిలేది కాదు.

ఆ తర్వాత నాయిన రిటైరయ్యే కాలం దగ్గర పడింది. ఉద్యోగం అయిపోతే క్వార్టర్ అప్పగించాలి. మా సొంత ఊరు దేవదుర్గ దగ్గర, అక్కడ చిన్నాయినల ఇల్లు సగం ఏడాది తాళం వేసే ఉంటుంది, పంట పని అయిపోగానే అందరూ బెంగళూరుకు కూలికి పోతారు. నేను రాయచూరులో ఒక బట్టల దుకాణంలో పనికి పోతున్నాను. పగలంతా అక్కను ఎవరు చూస్తారు? మా మేనత్త వచ్చి, అక్క పక్కనే కూర్చుని వింటుండగానే తేల్చేసింది.

"దీన్ని దూరం యాడన్న పెద్ద హాస్టల్ల ఏసి రా తమ్మీ. దీనికేం తెలుస్తది? తిండి పెడితె సాలు. సిన్నదాని బతుకు గూడ దీనెంబడే పోవాల్నా?"

నాయిన తల వంచుకున్నాడు. ఆ వారం నేను ప్రార్థన మానేశాను. అమ్మ కన్నీళ్ళతో అడిగిందే ఇవ్వనివాడు నేను అడిగితే ఇస్తాడా అనిపించింది. అయినా శనివారం మందిరం ఊడ్చే వంతు నాదే కాబట్టి పోయాను, ఊడుస్తూ ఊడుస్తూ ప్రభువు బల్ల దగ్గర ఆగిపోయి, చేతిలో చీపురు ఉండగానే అన్నాను: "స్వామీ, మా అమ్మ అడిగింది నువ్వియ్యలే. ఇగ ఏం అడగాల్నో నాకు తెలుస్తలేదు. నువ్వే జెప్పు." అంతే. అంత పేద ప్రార్థన నేను ఎన్నడూ చేయలేదు!

మరునాడు ఆరాధన అయ్యాక, స్త్రీల సమాజంలో ఉండే నర్సు సుజాతమ్మ నా పక్కన నడుస్తూ ఒక సంగతి చెప్పింది. రాయచూరులో ఒక మామూలు వీధిలో, అద్దె ఇంట్లో, అక్కలాంటి ఆడవాళ్ళు కొందరు కలిసి ఉంటున్నారట, తోడుగా మనుషులు వంతుల వారీగా ఉంటారట, కూరగాయలు వాళ్ళే తెచ్చుకుంటారు, వంట చేసుకుంటారు, ఒకామె సంచులు కుట్టే పనికి కూడా పోతుంది. హాస్టల్ కాదు, ఇల్లు.

నాయినకు చెబితే కోపం వచ్చింది. "పెండ్లం పోయిందో లేదో బిడ్డను ఇడ్సిపెట్టిండు అనరా జనం? ఉంటె నాతోనే ఉంటది."

"నాయినా, మనం పోయినంక?" అన్నాను. ఆ మాట నాది కాదు, రొట్టెల దగ్గర విన్నది. ఆయన వంటింటి వైపు చూశాడు. తర్వాత, "సరే, కండ్లతోటి సూసొద్దాం" అన్నాడు.

ఆ ఇంట్లో తోడుగా ఉండే శరణమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది, ఆమె కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతుంది, నన్ను చెల్లెలిని పిలిచినట్టు తంగీ అని పిలుస్తుంది. అందరికీ ఛాయ్ పెడుతూ అక్క వైపు తిరిగి, "నీకేం కావాలె రూతమ్మా, ఛాయా, పాలా?" అని అడిగింది.

"మా అక్క పాలే తాగుతది" అన్నాను నేను, అలవాటు కొద్దీ.

"నిన్ను అడిగిన్నా తంగీ? నీ సక్కెర ఎంతో నువ్వు జెప్పు, ఆమెది ఆమె జెప్తది" అని నవ్వి, స్టవ్ దగ్గర అట్లాగే నిలబడింది. ఛాయ్ పొంగు వచ్చింది, మంట తగ్గించింది, మళ్ళీ పొంగు వచ్చింది. నాయిన ఇబ్బందిగా కదిలాడు. ఆ ఇంట్లో అది పద్ధతి, ఎవరి మాట వాళ్ళనే అడుగుతారు, అడిగాక జవాబు వచ్చేదాకా ఆగుతారు, ఎంతసేపైనా సరే.

అక్క గిన్నె వైపు చూసింది, శరణమ్మ వైపు చూసింది. "ఛాయ్" అంది.

సహోదరులారా, మా ఇంట్లో అందరం ఛాయ్ తాగేవాళ్ళం! ప్రతి సాయంత్రం మా నలుగురి మధ్య ఒక్క పాల గ్లాసు ఉండేది. చిన్నప్పుడు పాలు ఇచ్చాం, ఆమె పెద్దదైంది, మేము చూడలేదు. అక్క ఆ ఛాయ్‌ని ఊదుకుంటూ, అడుగున ఆకు కనబడేదాకా తాగింది. నాయిన తన కప్పు ముట్టుకోలేదు.

కొన్నాళ్ళు ఉంచి చూద్దామని ఒప్పుకున్నాం. మొదట్లో కష్టమే అయింది. అక్క అన్నం తినలేదు, గడప మీద కూర్చుని వీధి చూసేది, ఒకనాడు కర్టెన్ చింపింది. ఫోన్ వచ్చిన ప్రతిసారీ నాయిన చొక్కా వేసుకుని బయలుదేరేవాడు, నేను ఆపేదాన్ని. చివరికి ఒక రోజు, "నాకు హాస్టల్ వద్దు, ఇల్లు వద్దు, నా బిడ్డను నేను తెచ్చుకుంట" అని సంచి తీసుకుని బస్సెక్కాడు. నేను వెనకే పోయాను, దారి పొడుగునా ఒకటే మాట, "ప్రభువా, నీ చిత్తం, నీ చిత్తం" అని.

మేము పోయేసరికి గడప మీద అక్క లేదు. కాసేపటికి సంత నుంచి వచ్చింది, ఒక చేతిలో వంకాయల సంచి, ముఖమంతా చెమట. నాయిన లేచి, "దా బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు.

శరణమ్మ మెల్లగా అంది, "అన్నా, తీస్కపోను నీకు హక్కుంది. అయితె ఆమెను అడుగు. అడిగి జర ఆగు."

మా నాయిన, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, మా అక్కను అడిగాడు. "రూతూ, ఒస్తవా? ఈడనే ఉంటవా?"

అడిగి ఆగాడు. బొగ్గు చప్పుళ్ళలో బతికిన మనిషికి ఆ నిశ్శబ్దం భరించడం కష్టం, అయినా ఆగాడు. అక్క ఆయన చేతిలో సంచిని చూసింది. ఆయన ముఖం చూసింది. తర్వాత నేల మీద కూర్చుని వంకాయలు గుమ్మరించి, పుచ్చువి ఒక పక్కకు తీయడం మొదలుపెట్టింది.

"ఉంట" అంది.

నాయిన ఆమె ఎదురుగా కూలబడి, ఒక వంకాయ చేతిలోకి తీసుకుని ఏడ్చాడు. అక్క ఆ వంకాయను ఆయన చేతిలోంచి లాక్కుంది, అది మంచిది, ఆయన పుచ్చు వైపు పెట్టబోయాడు! ఏడుస్తూనే మేమందరం నవ్వాం. దేవునికే మహిమ!

తర్వాత మా సంఘ కాపరి అయ్యగారు ఆ ఇంటికి ప్రార్థనకు వచ్చారు. అలవాటు ప్రకారం ఆయన చెయ్యి అక్క తల మీదికి లేచింది. అక్క కేక వేయలేదు. ఆ చేతిని గాలిలోనే పట్టుకుని, కిందికి దించి, తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, "తల వద్దు" అంది. అయ్యగారు నిలువునా ఆగిపోయారు. "ఇన్నేండ్లు ఇదే సెప్తుంటివా తల్లీ? మేము దయ్యం అనుకుంటిమి" అన్నారు, ఆ చేతులు వదలకుండా ప్రార్థించారు. అక్క ఆ ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడి, అందరికంటే ముందు ఆమేన్ అంది.

మేము ఆమె విడుదల కోసం ఏళ్ళ తరబడి అడిగాం. విడుదల కావలసింది మాకు! ఆమెకు ఏమీ తెలియదనే చీకటి నుంచి దేవుడు మమ్మల్ని విడిపించాడు. కానీ నా సంతోషంలో ఒక ముల్లు ఎప్పటికీ ఉంటుంది. అమ్మ ఆ చీకటిలోనే వెళ్ళిపోయింది. ఆ ప్రార్థన నోట్లో పెట్టుకునే వెళ్ళిపోయింది. అమ్మ కోసం చూస్తున్నావా అని అక్కను మేము అడిగింది ఎంతో ఆలస్యంగా, అడిగాక సమాధి దగ్గరికి తీసుకుపోయాం, అక్క రాయి మీద చెయ్యి పెట్టి కూర్చుని, "అమ్మ ఈడ" అంది. ఆ తర్వాత బస్సుల్లో వెతకడం మానేసింది. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే అన్ని ఎండల్లో ఆమె నిలబడవలసి వచ్చేది కాదు కదా!

ప్రియులారా, దారి పక్కన కూర్చున్న గుడ్డివాడికి ఏం కావాలో ఊరంతటికీ తెలుసు, అయినా మన ప్రభువు వాడినే అడిగాడు, అడిగి వాడి జవాబు కోసం ఆగాడు. మీ ఇంట్లో, మీ సంఘంలో మా అక్కలాంటి వాళ్ళు ఉంటే, వాళ్ళు నా తర్వాత ఏమైపోతారని మీరు వంటింట్లో దాక్కుని ఏడుస్తుంటే, ఆ భయాన్ని ఆయన దగ్గరికి తీసుకురండి. మా అమ్మ అడిగిన ఒక్క దినం ఆయన ఇవ్వలేదు, అమ్మ తర్వాతి దినాలన్నిటినీ ఇచ్చాడు. ఆయనను నమ్మండి, నమ్మి మీ బిడ్డను అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఇంత చేసిన దేవునికి నా వందనాలు, నా కన్నీళ్ళు కూడా ఆయనకే.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అక్కను చూడడానికి పోయి, ఎప్పటిలాగే నేరుగా ఆమె గదిలోకి నడిచాను. ఆమె తన స్నేహితురాలితో ఏదో మాటలో ఉంది, నన్ను చూసి ఏమీ అనలేదు, భోజనం పెట్టింది, ఛాయ్ ఇచ్చింది. నేను బయలుదేరుతుంటే వీధి దాకా వచ్చి, నా కొంగు పట్టుకుని ఆపింది, మాటలు కూడదీసుకుంటోందని తెలిసి నేను ఆగాను. అక్క నాతో ఎన్నడూ అంత పొడుగు మాట మాట్లాడలేదు.

"మళ్ల ఒచ్చినప్పుడు, తలుపు కొట్టి రా."