గోడ వైపు తిరిగినవాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఓడ కెప్టెన్ ఉండేవాడు. ఆయన మా తాతయ్య, అమ్మకి నాన్న. ఇంగ్లీషువాళ్ళ తెరచాప ఓడని కాకినాడ రేవు నుంచి లండన్ దాకా నడిపినవాడు. ఒకసారి తుపానులో చుక్కాని ఊడిపోతే తన కాలే నీళ్ళలో పెట్టి ఓడని మళ్ళించాడు. ఆయన ఎదురైతే తెల్ల నావికులు టోపీలు తీసేవారు.

పోయిన ఆదివారం మా కింది ఫ్లాట్ కుర్రాళ్ళకి ఇలాగే చెప్పాను. వాళ్ళు కళ్ళార్పకుండా విన్నారు. మా ఆవిడ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతూ, "కెప్టెన్ కాదు బాబూ, వంటవాడు. తుపాను వస్తే బియ్యం బస్తాల మధ్య దూరేవాడట, మా తాతే చెప్పేవాడు" అంది. మా ఆవిడ నా మేనమామ కూతురు. నాకు అమ్మ వైపు తాత, ఆవిడకి నాన్న వైపు తాత ఒక్కరే. మేనరికంలో ఉన్న ఇబ్బంది ఇదే. గొప్పలు చెప్పుకోవడానికి సొంత తాత కూడా మిగలడు.

సరే, వంటవాడే. ఆ మాటకొస్తే వంటవాడికి సహాయకుడు. కానీ ఓడ కథ ఉల్లిపాయలు తరగడంతో మొదలుపెడితే ఎవరు వింటారు? ఆ కుర్రాళ్ళు వినాలని నాకు గట్టిగా ఉంది. ఇద్దరూ ఆంధ్రా నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకి ఇక్కడికి, సింగపూర్ వచ్చారు. ఒకే కాలేజీ, ఒకే విమానం, ఒకే ఆఫీసు. వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాకుకి వచ్చిన కొత్తలో ఒకే పళ్ళెంలో తినేవారు. ఈ మధ్య కంపెనీ ఒకడికి షేర్లు ఇచ్చిందట, రెండోవాడికి ఇవ్వలేదట. ఇప్పుడు ఆ వంటింట్లో రెండు రైస్ కుక్కర్లు, వాటి మధ్య మాటల్లేవు. అది చూసి పైకి వచ్చాక నాకు మా తాతయ్య పెట్టె గుర్తొచ్చింది.

అప్పట్లో మేము ఇక్కడి రేవు దగ్గరే, గోడౌన్ల వెనక ఒక సందులో ఉండేవాళ్ళం. పొగ ఓడలు వచ్చి తెరచాపల పని అయిపోయాక, తాతయ్య పనిచేసిన ఓడని ఈ రేవులోనే ఎవరికో అమ్మేశారట. ఓడతో పాటు తననీ అమ్మేస్తారేమోనని భయపడి దిగిపోయానని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. దిగినప్పుడు తెచ్చుకున్నది ఒక చెక్కపెట్టె. దాని మూతకి లోపలివైపు ఎవరో నావికుడు రంగులతో ఓడ బొమ్మ వేశాడు, అన్ని తెరచాపలూ గాలికి ఉబ్బి ఉన్న బొమ్మ. మూత ఎత్తితే తారు వాసన, ఉప్పు వాసన, పాత గుడ్డల వాసన కలిసి వచ్చేవి. సందు చివరికి వెళ్తే అసలు సముద్రమే కనిపించేది. నాకు మాత్రం సముద్రం ఆ పెట్టెలో ఉన్నట్టుండేది.

పెట్టెలో పిల్లల కళ్ళు పడే వస్తువులు మూడు. ఒకటి మొన విరిగిన కత్తి. కొత్తగా ఓడ ఎక్కినవాడి కత్తి మొనని సుత్తితో విరగ్గొట్టేవారట. తాళ్ళు కోయడానికి అంచు చాలు, మొన ఉంటే తగాదాల్లో పొడుచుకుంటారని. రెండోది తెరచాపలు కుట్టేవాళ్ళు అరచేతికి వేసుకునే తోలు పట్టీ. మధ్యలో ఇనుప బిళ్ళ ఉండేది, మందపాటి గుడ్డలోకి సూదిని దాంతో నెట్టాలి. అది ఎండి, వంకర తిరిగి, వాన తర్వాత రోడ్డు మీద దొరికిన చెప్పు ముక్కలా ఉండేది.

మూడోది ఈల. వెండిది. సరంగు ఈల. సరంగు అంటే ఓడ మీద నావికులకి పెద్ద. గాలి హోరులో మనిషి గొంతు స్తంభం పైనున్నవాడికి వినపడదు కనక, తెరచాప ఎత్తాలన్నా దించాలన్నా, చివరికి అన్నానికి రమ్మనాలన్నా ఈలతోనే చెప్పేవాడట. సన్నటి గొట్టం, చివర గోళీకాయంత బుడిపె, మెడలో వేసుకోవడానికి గొలుసు. ఓడ అమ్మేసిన రోజున సరంగు దాన్ని తాతయ్య చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. ఈ రోజుల్లో హాకర్ సెంటర్‌లో తినడానికి వెళ్ళినవాళ్ళు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇది మాది అని చోప్ చేసినట్టు, నేను ఆ ఈల మీద నా చూపు ఎప్పుడో పెట్టేశాను.

అయితే ఆ టేబుల్ దగ్గర ఇంకొకడు ఉన్నాడు. మా బావ, అంటే మా ఆవిడ అన్న. నాకంటే కొద్ది నెలలు పెద్ద. తాతయ్య వాళ్ళింట్లోనే ఉండేవాడు, నేను సందులో ఎదురింట్లో ఉండేవాణ్ణి. ఆ సందు దాటే కొద్ది దూరమూ నాకు సముద్రమంత కనిపించేది. వాడు తాతయ్య పక్కన పడుకునేవాడు, ఆయన చుట్ట వెలిగించేవాడు. చేపల కూర వండితే చేప తల వాడి కంచంలో పడేది. నాకు చేప తల ఇష్టం లేదు. అయినా అది వాడి కంచంలో పడిందని నాకు అన్నం దిగేది కాదు. వాడికి జ్వరం వస్తే తాతయ్య రోజంతా పక్కనే కూర్చున్నాడు. నాకు జ్వరం రాకపోవడం కూడా వాడి కుట్రేననిపించింది. అన్నిటికంటే ఎక్కువ మండించింది ఒక్క పిలుపు. వాణ్ణి ఆయన "ఒరే సరంగూ" అనేవాడు. నన్ను "అబ్బాయ్" అనేవాడు. సందులో తిరిగే ప్రతి కుర్రాడూ ఆయనకి అబ్బాయే.

అందుకే ఈల నాకు ఈల కాదు. అది ఎవడికి వస్తే తాతయ్య వాడివాడు. ఆ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా బావకీ అదే లెక్క ఉన్నట్టుంది. ఒక ఆదివారం పొద్దున ఇద్దరం దానికోసం కలబడ్డాం. గొలుసు చెరో కొనా పట్టుకుని లాగితే ఒక కొక్కెం సాగిపోయింది, నా పెదవి చిట్లింది. తాతయ్య వచ్చి, ఈల తీసి పెట్టెలో వేసి, మూత వేసి, దాని మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మమ్మల్నిద్దరినీ, ఆరేళ్ళ మా మరదల్నీ, అంటే ఇప్పటి మా ఆవిడనీ పిలిచాడు. పాత తెరచాప గుడ్డ ముక్క పరిచి, దాని మీద కత్తి, తోలు పట్టీ, ఈల విడివిడిగా పెట్టాడు. తను పోయాక కొట్టుకు చావకుండా ఇప్పుడే పంచేస్తానన్నాడు. ఓడ మీద మాంసం ఎలా పంచేవారో అలాగే.

ఆ పద్ధతి అప్పుడే మొదటిసారి విన్నాను. నెలల తరబడి ఉప్పులో నానిన మాంసం. ఒక ముక్కలో కండ, ఇంకో ముక్కలో కొవ్వు, వేరొకదాంట్లో అంతా ఎముక. ఎవడికి ఏది వచ్చినా పక్కవాడిదే పెద్దదిగా కనిపించేది. చుట్టూ నీళ్ళు, అలిగి పోవడానికి చోటు లేదు. వడ్డించినవాడి మీదే అందరి అనుమానం. అందుకని తెల్ల నావికులు ఒకణ్ణి వెనక్కి తిప్పి కూర్చోబెట్టేవారట. ఇంకొకడు ఏదో ఒక ముక్క చూపించి, ఇది ఎవరికి అని అడుగుతాడు. చూడనివాడు ఒక పేరు చెప్తాడు. ఆ మాట మీద తిరుగు లేదు. కెప్టెన్ వచ్చినా మార్చడానికి లేదు.

చెప్పడం ముగించి, తాతయ్య వేలు నా వైపు చూపించాడు. "నువ్వు గోడకేసి తిరుగు అబ్బాయ్."

తిరిగాను. కుర్రాళ్ళకి చెప్పినప్పుడు ఇక్కడ నేను చాలా పెద్దమనిషినయ్యాను. మనసులో దేవుణ్ణి తలుచుకుని, ఎవరికేది రాసిపెట్టుంటే అదే వస్తుందనుకుని, నిశ్చింతగా కళ్ళు మూసుకున్నానని చెప్పాను. మా ఆవిడ గ్లాసులు తీస్తూ, "ఈయన చెవులు కుందేలు చెవుల్లా నిలబడ్డాయి, నేను వెనకే కూర్చున్నాగా" అంది. నిజమే. నా ఆశంతా గొలుసు మీద. ఈలని ముట్టుకుంటే గొలుసు గలగలమంటుంది, అప్పుడు నా పేరు చెప్పాలి. గోడ మీద పెచ్చు ఊడిన చోటే చూస్తూ, ఊపిరి కూడా తీయకుండా కూర్చున్నాను.

"ఇది ఎవుడికి?" అన్నాడు తాతయ్య. చప్పుడు లేదు. చిన్నదానికి అన్నాను.

"మరి ఇది ఎవుడికి?" మళ్ళీ చప్పుడు లేదు. అయితే ఇక మిగిలింది ఈలే. బావకి అన్నాను. ఆయన మూడోసారి అడగకముందే, నాకు అంటూ గిర్రున తిరిగాను.

గుడ్డ మీద తోలు పట్టీ మిగిలి ఉంది. తాతయ్య దేన్నీ ముట్టుకోలేదు, ఊరికే వేలితో చూపించాడు, అంతే. కత్తి ఆరేళ్ళ పిల్లకి వెళ్ళింది. మొన లేదు కనక ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈల బావ ఒళ్ళో ఉంది. ఇంకెవరైనా ఇచ్చి ఉంటే జన్మంతా తిట్టుకునేవాణ్ణి. తాతయ్య ఇచ్చి ఉంటే అన్నం మానేసేవాణ్ణి. నా నోటితో నేనే ఇచ్చాను. ఎవరి మీద ఏడవాలో తెలియని ఏడుపు అదే మొదటిసారి ఏడ్చాను, గోడౌన్ మెట్ల మీద కూర్చుని.

కాసేపటికి బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. వెక్కిరించడానికే వచ్చాడనుకున్నాను. తీరా చూస్తే వాడి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఈల జేబులో ఉంది, గొలుసు బయటికి వేలాడుతోంది. ఊదినట్టు లేడు.

"తాత నిన్నే తిప్పాడు" అన్నాడు. "నీ మాట మీద తిరుగు లేదన్నాడు. నన్నెందుకు తిప్పలేదు?"

నేను వేలాడుతున్న గొలుసునే చూస్తున్నాను.

"ఈ ఈల నువ్వు ఇచ్చిందే కదా. తాత ఇచ్చింది కాదు" అని ముక్కు తుడుచుకున్నాడు.

నా ఏడుపు టక్కున ఆగింది. వాడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు. వాడు, నన్ను చూసి! పాలల్లో చక్కెర ఎక్కువైనట్టు ఒంట్లో ఏదో తియ్యగా పాకింది. ఆ తీపి ఇంకొంచెం కావాలని తాతయ్య దగ్గరికి పరుగెత్తాను. ఓడ మీద ఎలాంటివాణ్ణి వెనక్కి తిప్పుతారు తాతా, అందరికీ నమ్మకమైనవాణ్ణేగా అని అడిగాను. ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు.

"నమ్మకమా పాడా. అందరికంటే ఆశ ఎక్కువున్నోణ్ణి తిప్పుతారురా. ఆడి కళ్ళు మాంసం మీదుంటే మిగతావోళ్ళకి తిన్నది అరగదు."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు, ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పాడు. నేను తల ఊపి వచ్చేశాను. బావకి చెప్పలేదు. ఎందుకు చెప్తాను? ఆ కొన్నాళ్ళూ నేను రాజుని. వాడు నా వెనకాలే తిరిగాడు, గాలిపటం ముందు నన్నే ఎగరేయనిచ్చాడు, తన కంచంలో చేప తల నాకు పెట్టాడు. ఇష్టం లేకపోయినా మొత్తం తిన్నాను.

కానీ వాడు ఈల ఊదడం లేదు. పొద్దున లేస్తే ఎదురింటి నుంచి ఈల వినిపిస్తుందని, నేను చెవులు మూసుకుని మండిపోతానని అనుకున్నాను. మండడానికి కూడా ఏమీ లేదు. ఎప్పుడు చూసినా అది జేబులోనే. అంత ఆశపడ్డ ఈల మోత నేను ఒక్కసారి కూడా వినలేదు. నా దగ్గర ఉంటే ఊదేవాణ్ణి. వాడి దగ్గర ఉండి మూగదైంది. వాడు నా వీపునీ, ఆ గోడనీ తలుచుకుంటూ కూర్చున్నంతకాలం అది మూగదేనని నాకు మెల్లగా తెలిసింది. చివరికి వాడి మీద జాలితో చెప్పాననుకోకండి. ఈల వినాలని చెప్పేశాను. తాతయ్య అన్నది అన్నట్టు, ఒక్క ముక్క పెంచకుండా చెప్పాను. నా జీవితంలో అలా చెప్పిన సందర్భాలు తక్కువ.

బావ జేబులో చెయ్యి పెట్టాడు. "నీకంటే నాకే ఆశ ఎక్కువ. తాతకి తెలీదు, అంతే" అన్నాడు. అని జేబులోంచి ఈల తీసి ఊదాడు.

మొదట ఉత్త గాలి బుసలా వచ్చింది. తర్వాత సన్నగా మొదలై, నిటారుగా పైకి లేచి, అక్కడ వణుకుతూ నిలబడి, తెగిపోయింది. రేవులో పడవల మీద మూటలు మోస్తున్న చైనావాళ్ళు తలెత్తి చూశారు. ఇంట్లోంచి మా తాతయ్య గరిటె చేత్తో పట్టుకుని గబగబా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరో పిలిచినట్టు, ఆలస్యమైతే తిట్లు పడతాయన్నట్టు. మమ్మల్ని చూసి, చేతిలో గరిటెని చూసుకుని, సిగ్గుపడి నవ్వాడు. మేమిద్దరం నవ్వలేదు. బావ ఈలని నా చేతికిచ్చాడు. నేనూ ఒకసారి ఊది, మళ్ళీ వాడికిచ్చేశాను. ఇంకోసారి ఊదాలనిపించింది, అది వేరే సంగతి.

ఇదంతా విని, షేర్లు రాని కుర్రాడు, "మా మేనేజర్ గోడ వైపు తిరగడు అంకుల్, మా మొహాలు చూస్తూనే పంచుతాడు" అన్నాడు. రెండోవాడు నవ్వబోయి ఆపుకున్నాడు. దానికి జవాబు మా తాతయ్య దగ్గర ఉండేదేమో.

బావ ఇప్పుడు ఇదే ఊళ్ళో, బూన్ లేలో మనవల మధ్య ఉంటాడు. వాళ్ళ గుమ్మంలో అడుగుపెట్టగానే నా కళ్ళు వాళ్ళ సోఫాని, టీవీని, మనవరాలి మార్కుల్ని కొలుస్తాయి. ఈ వయసులో కూడా. ఆ రోజుతో కుళ్ళు పోయిందని రాస్తే ఈ కాగితం మీద మా ఆవిడ ఇంటూ కొడుతుంది. పోలేదు. దానితో ఏం చెయ్యాలో మాత్రం నేర్చుకున్నాను. మా ఇంట్లో ఏది పంచాల్సి వచ్చినా, మామిడిపండైనా, కోడలు తెచ్చిన చీరలైనా, ఎవరూ చెప్పకుండానే లేచి గోడ వైపు తిరుగుతాను. పిల్లలు నవ్వుతారు. ఇది ఎవరికి అని మా ఆవిడ అడుగుతుంది. వెనక ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలని చెవులు రిక్కించను. ఒక పేరు చెప్పేదాకా, ఆ కొద్దిసేపూ, ఈ లోకంలో ఎవడి కంచం మీదా నా కన్ను లేదు.