జానెడు లోతున నీలం గింజలు

ఈ ఉదయం పెరట్లో మట్టి పిడికిట పట్టుకుంటే చల్లగా, జిగటగా వేళ్ళకు అంటుకుంది. లియోనా అక్క గుర్తొచ్చింది. నేను చదివింది ఐదో తరగతే, రాయడం ఇదే మొదటిసారి. అయినా ఆమె గురించి చెప్పాలనిపించింది.

ఐర్లాండ్‌లో నేవన్ అనే ఊళ్ళో ఉన్న మా అమ్మాయి ఇంటికి మనవరాలిని చూసుకోవడానికి వచ్చాను. పక్కింట్లో అక్క ఉండేది. అమెరికాలో హోపీ తెగ మనిషి. ఐరిష్ ఆయన్ని చేసుకుని ఇక్కడికి వచ్చింది, ఆయన పోయాక ఒక్కతే ఉండేది. వాళ్ళ ఊళ్ళు ఎత్తైన బండల మీద ఉంటాయట. వానలు తక్కువ, కాలువలు లేవు. తాతముత్తాతల నుంచీ ఇసుకలో కర్రతో జానెడు లోతు గుంట తీసి, అడుగున తడి తగిలే చోట పది పన్నెండు మొక్కజొన్న గింజలు వేస్తారట. పొలమూ విత్తనమూ తల్లి నుంచి కూతురికి వస్తాయట. అక్క చెప్పిన ఈ మాట మా అమ్మాయి తెలుగులో చెబితే రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. అనంతపురంలో ఇరవై ఏళ్ళు వేరుశనగ చేలో పనిచేసిన నాకు సెంటు భూమి లేదు.

అక్క దగ్గర వాళ్ళమ్మ ఇచ్చిన నీలం గింజలు ఉండేవి. రెండేళ్ళు నాటింది, ఒక్కటీ మొలవలేదు. మూడో ఏడు గుప్పెడే మిగిలాయి. ఆ రోజు మళ్ళీ కర్రతో అంతే లోతు గుంట తీస్తోంది. గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి. గింజలు నీళ్ళకు కుళ్ళుతున్నాయని మొదటి ఏడే నాకు తెలుసు. ఇంగ్లీషు రానిదాన్ని, పెద్దామెకు నేనేం చెబుతానని ఊరుకున్నాను. ఈసారి అక్కకు చెప్పమని మా అమ్మాయిని పిలిచాను.

"వద్దమ్మా, ఆమె ఫీలవుతుంది."

"ఫీలైతే కానీలే. అవీ కుళ్ళిపోతాయి. లోతు తీసేది తడి కోసమే గదా? ఈడ తడి పైనే ఉండాది. మట్టి ఎత్తు చేసి పైపైన పెట్టమను."

మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. పక్షులకు చల్లినట్టు పైపైన నాటితే తన మేనమామలు నవ్వుతారంది అక్క. తర్వాత నా వైపు చూసి మెల్లగా ఏదో అడిగింది.

"రెండేళ్ళు గోడ అవతల నిలబడి చూశావా, ఒక్క మాట చెప్పలేదేం, అంటోందమ్మా."

అక్క ఆ గింజల్లో సగం నా చేతిలో పోసింది, మిగతా సగం తన పద్ధతిలోనే వేసుకుంది.

లోతు గుంటల్లో ఏమీ రాలేదు. నా దిబ్బ మీద ఏడు మొలిచాయి. శరదృతువుకు రెండు కండెలు గట్టిపడ్డాయి. బట్టలు ఆరబెట్టుకునే వెచ్చని అల్మారాలో, ఇక్కడివాళ్ళు హాట్ ప్రెస్ అనేదాంట్లో, ఎండబెట్టాం. ఆ చలికాలమే అక్క పోయింది. కర్మకు వచ్చిన ఆమె చెల్లెలి కూతురు ఆ కండెలను తువ్వాల్లో చుట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ రెండేళ్ళ గింజలు నా మౌనం వల్లే పోయాయని ఇప్పటికీ అనుకుంటాను. నాకు తెలిసిన పని ఎవరి చేతిలోనైనా చెడిపోతుంటే ఇప్పుడు ఆగలేను. ఇంగ్లీషు ఇంకా రాదు. వెళ్ళి చేతులతో చూపిస్తాను.